అయిదురోజుల రంగు

"నల్లబడే క్రీము వుందా నాయనా?" అని నేను అడిగేసరికి మందుల షాపులో కుర్రవాడు చేతిలో వున్న కత్తెర బల్లమీద పెట్టేశాడు.

"తెల్లబడేదా అండీ?" అన్నాడు, నేను నోరుజారి అన్నాననుకుని.

"కాదు, నల్లబడేదే."

అతను నా మొహంవంక చూశాడు. నాది చామనచాయ. దానికి ఇంకా నలుపు దేనికో అతనికి బోధపడినట్టు లేదు. అతని వెనక అలమారులో వరసగా పేర్చినవన్నీ తెల్లబడే సరుకులే. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మన బజారులోకి వచ్చింది మొదలు మా తరమూ, మా పిల్లల తరమూ వాటిమీద పోసిన డబ్బుతో గోదావరికి ఇంకో వంతెన కట్టొచ్చు. 2020లో ఆ పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టారు. పేరు మారింది గాని కొనేవాళ్ళ కోరిక మారిందని నేననుకోను. అటువంటి షాపులో నిలబడి నల్లబడడానికి మందడిగితే, నా పక్కన దగ్గుమందు కోసం వచ్చిన పెద్దాయన కూడా దగ్గు మరిచిపోయి చూశాడు.

ఇక లాభంలేదని పమిటకింద దాచుకున్న కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టాను.

కుర్రవాడు చూశాడు. మరి నవ్వలేదు. "మా దగ్గర లేదండీ. పేరు రాసివ్వండి, తెప్పించిపెడతాను" అన్నాడు మెల్లిగా.

ఈ గొడవంతా ఎందుకొచ్చిందో మొదటినుంచీ చెబుతాను. చెప్పుకోవడానికి మొహమాటంగానే వుంది. కాని వెయ్యిమందిలో అయిదుగురు మొదలు ఇరవైమంది దాకా ఈ బాధ వుంటుందని డాక్టర్ల లెక్క. అంటే మీ వీధిలోనూ ఎవరో ఒకావిడ చేతులు పమిటకింద పెట్టుకుని తిరుగుతూనే వుంటుంది. ఆవిడకోసం చెబుతున్నాననుకోండి.

2011లో, నా నలభయ్యొకటో ఏట, కుడిచేతి కణుపులమీద నాలుగు తెల్లచుక్కలు కనిపించాయి. అత్తగారికి తాంబూలం చుట్టి ఇచ్చి వచ్చానేమో, సున్నం అంటుకుందనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. గోకాను. పోలేదు. ఏడాది తిరిగేసరికి రెండు చేతుల వెనకవైపులూ మణికట్టుదాకా తెల్లబడి కూర్చున్నాయి. బొల్లి.

మా పిన్ని బావంచాల నూనె తెచ్చి, రాసుకుని ఎండలో కూర్చోమంది. ఆవిడ ప్రేమకు లోటులేదు. పెరట్లో పీట వేసుకుని రెండురోజులు కూర్చున్నాను. మూడోనాటికి చేతులనిండా బొబ్బలు! పరుగెత్తుకుని చర్మవైద్యుడి దగ్గరకు వెళ్తే ఆయన ముందు చీవాట్లు పెట్టి తరవాత మందిచ్చాడు. బావంచాలలో సొరాలెన్ అనే పదార్థం వుందట. అది ఒంటిమీద వుండగా ఎండ తగిలితే చర్మం కాలుతుందట. కొలతప్రకారం దాన్ని వాడే వైద్యం వుంది గాని అది పెరట్లో పీట వేసుకుని చేసుకునేది కాదన్నాడు.

ఆయనే మరికొన్ని సంగతులు చెప్పాడు. ఒంటికి రంగునిచ్చే కణాలను మన దేహంలోని రక్షణబలగమే పరాయివాళ్ళనుకుని చంపేస్తుందట. ఇది అంటుకునేది కాదు. కుష్ఠుతో దీనికి ఏ సంబంధమూ లేదు. తల్లికి వుంటే పిల్లలకు వచ్చే అవకాశం కాస్త ఎక్కువేగాని చాలామంది పిల్లలకు రానేరాదు. మందులకూ, అల్ట్రావయొలెట్ కిరణాల వైద్యానికీ మొహంమీది మచ్చలు బాగానే లొంగుతాయి. వేళ్ళూ కణుపులూ మాత్రం మొండివి. ఆ మాట అక్షరాలా నిజమయింది. ఏడాదిన్నర తిరిగితే మెడమీది చిన్నమచ్చ మాయమయింది. చేతులు మాత్రం అలాగే వున్నాయి.

చెయ్యి కాకుండా వీపుమీదో, పొట్టమీదో వస్తే ఎవరికీ పట్టేది కాదు. ఆడదాని బతుకంతా చేతులమీదే వుంది గదా! పసుపురాసేది చేతులతో, వాయినమిచ్చేది చేతులతో, వడ్డించేది చేతులతో. ఓసారి పేరంటంలో ఒకావిడ నేను శనగలు పెట్టబోతే, "మీకెందుకండీ శ్రమ, మీ అమ్మాయి పెడుతుందిలెండి" అంది, ఎంతో మర్యాదగా. ఇంకొకావిడ నేనిచ్చిన కాఫీ మీగడ కట్టేదాకా ఎదురుగా పెట్టుకుని కబుర్లు చెప్పి, తాగకుండానే వెళ్ళిపోయింది. వాళ్ళని అనుకుని ఏం లాభం? పాతవాళ్ళు దీనికి శ్వేతకుష్ఠు అని పేరుపెట్టి పోయారు. పేరులో వున్న విషం మనసులోకి దిగింది.

ఇన్నాళ్ళూ ఎలాగో సర్దుకున్నాను. కాని 2023 వచ్చేసరికి మా అమ్మాయికి ఇరవయ్యారు నిండాయి. హైదరాబాదులో ఉద్యోగం. సంబంధాలు చూడడం మొదలుపెట్టాము. మాకు తెలిసిన మధ్యవర్తిగారు, మంచాయనే, నీళ్ళు నములుతూ అన్నాడు: "అమ్మాయి బంగారంలాంటిదమ్మా. కాని వాళ్ళు చూడడానికి వచ్చినప్పుడు తమరు కొంచెం లోపలివైపుగా వుంటే..."

మావారికి కోపం వచ్చింది. ఆయన్ని పంపేసి గుమ్మందాకా కూడా వెళ్ళలేదు. నాకు మాత్రం కోపం రాలేదు. కోపానికి బదులు భయం వచ్చింది. కన్నతల్లిని నేనే కూతురికి అడ్డమైపోయానే అని ఆ రాత్రంతా నిద్రలేదు.

సరిగ్గా ఆ సంక్రాంతికే మా ఆడపడుచు అమెరికానుంచి కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని వచ్చింది. మా మేనల్లుడు న్యూజెర్సీలో వుద్యోగం చేస్తూ అక్కడి పిల్లనే చేసుకున్నాడు. ఆ పిల్ల తెలుపంటే తెలుపు, పాలల్లో ముంచి తీసినట్టుంటుంది. భోగినాడు తలంటిపోసుకుని వచ్చి అరుగుమీద కూర్చుంటే, పిక్కలమీద గోధుమరంగు చార ఒకటి కనిపించింది. దెబ్బ తగిలిందేమోనని అడిగాను.

మా ఆడపడుచు పకపకా నవ్వింది. "దెబ్బా లేదు, గిబ్బా లేదు వదినా. మా కోడలు నల్లబడ్డానికి డబ్బు పోసి కొనుక్కుంటుంది. రాసుకోవడం సరిగ్గా రాకపోతే అలా చారలు పడతాయి."

ఆ పిల్ల సిగ్గుపడకుండా సంచీలోంచి ఓ ట్యూబు తీసి చూపించింది. సగం ఆ పిల్లా, సగం మా మేనల్లుడూ కలిసి దాని కథంతా చెప్పారు. వాళ్ళ దేశాలలోనూ ఒకప్పుడు తెలుపే గొప్పట. పొలంలో ఎండకు మాడేవాడు పేదవాడు, నీడపట్టున వుండేవాడు గొప్పవాడు. ఫ్యాక్టరీలు వచ్చి పేదవాళ్ళు నాలుగుగోడలమధ్య పాలిపోయాక తిరగబడింది. సముద్రపొడ్డున ఎండకాగడానికి తీరికా, డబ్బూ వున్నవాడే గొప్పవాడయ్యాడు. 1920 తరవాతి రోజులలో పారిస్‌లో దుస్తుల కంపెనీ నడిపిన కోకో షనెల్ దక్షిణ సముద్రతీరంనుంచి ఎండకు కమిలి వస్తే, చూసినవాళ్ళంతా అదే అందమనుకున్నారని అంటారు. ఆ తరవాత ఎండవల్ల చర్మానికి క్యాన్సరు వస్తుందని తేలింది. గదిలో పడుకుని దీపాలకింద కమిలే యంత్రాలు కూడా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2009లో వాటినీ క్యాన్సరు తెచ్చేవాటి మొదటి తరగతిలో చేర్చింది. ఈ పిల్ల వాళ్ళ అమ్మమ్మకు ముక్కుమీద కోసి తియ్యవలసి వచ్చిందట. అందుకే ఎండా వద్దు, దీపాలూ వద్దని ట్యూబులోంచి రంగు తెచ్చుకుంటోంది.

ఈ మందు దొరికిన వైనం ఇంకా వింతగా వుంది. 1950 తరవాత అమెరికాలోని సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే ఆవిడ, ఒంట్లో చక్కెర నిలవల తేడావల్ల జబ్బుచేసిన పసిపిల్లలకు డైహైడ్రాక్సీ ఎసిటోన్ అనే ఒకరకం చక్కెర తాగించేది. పిల్లలు మందు కక్కకుండా వుంటారా? కక్కినది పడినచోటల్లా ఒళ్ళు కొన్నిగంటలకు గోధుమరంగు తేలేది, బట్టలమీద మాత్రం మరక పడేది కాదు. ఆవిడ దాన్ని నీళ్ళలో కలిపి తన ఒంటికే రాసి చూసుకుంది. అదే రంగు వచ్చింది. 1960 నాటికి అది సీసాలలో అమెరికా బజారుకు వచ్చేసింది.

"రంగు ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగాను.

మా మేనల్లుడు వంటింట్లో పెనంమీది అట్టు చూపించాడు. "అట్టు ఎందుకు ఎర్రబడుతుంది అత్తయ్యా? పిండిలోని చక్కెర, మాంసకృత్తులూ కలిసి వేడికి ఎర్రబడతాయి. ఇదీ అలాంటిదే, వేడి అక్కర్లేకుండా. చర్మంమీద చచ్చిన పైపొర వుంటుంది చూడు, ఆ పొరలో ఈ చక్కెర కలిసి రంగు తేలుతుంది. లోపలికి పోదు. ఆ పొర రాలిపోయినప్పుడు రంగూ పోతుంది. అయిదురోజులు, మహా అయితే వారం."

నాకు వెంటనే గోరింటాకు జ్ఞాపకం వచ్చింది. అదీ అంతేగా! పైపొరలోనే పండుతుంది, మరునాటికి ముదురుతుంది, పొరతోపాటు పోతుంది. పొర మందంగా వుండే అరచేతిలో బాగా ఎర్రగా పండుతుంది.

అప్పుడు నా బుర్రలో ఏదో మెరిసింది. "అయితే ఈ రంగుకు లోపలి రంగుకణాలతో పనిలేదన్నమాట. తెల్లమచ్చమీద కూడా పడుతుందా?" అన్నాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మేనల్లుడు ఫోను తీసి పది నిమిషాలు చదివి, "పడుతుంది అత్తయ్యా. బొల్లిమచ్చలు కనబడకుండా వుండడానికి డాక్టర్లే చెబుతారట" అన్నాడు. ఆ పిల్ల మాట్లాడకుండా ట్యూబు నా చేతిలో పెట్టింది. ఆ చేతిని అలాగే కాసేపు పట్టుకుని కూర్చుంది. చాలా ఏళ్ళ తరవాత పరాయి మనిషి నా చెయ్యి పట్టుకోవడం అది.

ఆత్రగాడికి బుద్ధి మట్టం అన్నట్టు, వాళ్ళు రైలెక్కిన రాత్రే వేజలీను పూసుకున్నట్టు రెండు చేతులకూ దట్టంగా పులుముకుని పడుకున్నాను. తెల్లవారి చూసుకుంటే ఏమున్నది! అరచేతులు చింతపండు పిసికినట్టున్నాయి. మచ్చలు బత్తాయితొక్క రంగు తేలాయి. మచ్చలచుట్టూ మామూలుగా వుండవలసిన చర్మం మరో రెండువంతులు నల్లబడి, మచ్చలు ఇదివరకటికంటే బాగా కనబడుతున్నాయి. తలగడమీద మరక. మావారు పేపరులోంచి తలెత్తి, "పొద్దున్నే అరటిపువ్వు వలిచావా ఏమిటి?" అన్నారు.

మళ్ళీ చర్మవైద్యుడి దగ్గరకే వెళ్ళాను. ఈసారి ఆయన చీవాట్లు పెట్టలేదు. కూర్చోబెట్టి, ఎలా ఎంచుకోవాలో ఎలా రాసుకోవాలో చెప్పాడు. ఆయన చెప్పినదీ, నేను పడిలేచి నేర్చుకున్నదీ కలిపి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

కొనేటప్పుడు ముందు అట్టపెట్టెమీద ఆ చక్కెర ఎంత శాతం వుందో చూడాలి. కొందరు రాస్తారు, కొందరు లేత, నడిమి, ముదురు అని మాత్రం వేస్తారు. మూడు నుంచి అయిదు శాతమంటే లేత రంగు. మన ఛాయకు కొంచెం ముదురే కావాలిగాని, మొదట లేతదానితో మొదలుపెట్టి రెండు మూడు పూతలు వేసుకోవడమే మేలు. ఒక్కసారే ముదురుది పూస్తే బత్తాయిరంగు తేలేది అందుకే. ఐరోపాలో ఇలా రంగుకోసం రాసుకునేవాటిలో ఇది పది శాతం మించకూడదని 2021లో నిబంధన పెట్టారు. కొన్నిటిలో రాసినవెంటనే కనబడేటట్టు పైరంగు కలుపుతారు. అది కడిగితే పోతుంది. దాన్ని చూసి మోసపోకూడదు. అసలురంగు తరవాత తేలుతుంది. ఘాటు వాసనవి వద్దు, పడనివాళ్ళకు దురద పెడతాయి.

రాసుకోబోయే ముందురోజు మోచేతి మడతలో మినపగింజంత రాసి ఇరవైనాలుగు గంటలు చూడాలి. దురదా మంటా లేకపోతే అప్పుడు పనిలోకి దిగాలి. సున్నిపిండితో చేతులు బాగా నలిచి, రాలిపోవలసిన పొర రాల్చేసి, కడిగి, తడిలేకుండా తుడుచుకోవాలి. కొబ్బరినూనె జిడ్డు ఏమాత్రం వున్నా రంగు పట్టదు. కణుపులు, మణికట్టు ముడతలు రంగును ఎక్కువ తాగేస్తాయి కనుక అక్కడ మరీ పలచగా రాయాలి. చేత్తో పులమకూడదు. దూదిపుల్ల ముంచి, మచ్చ నడిమినుంచి అంచుకు వస్తూ, అంచుకు వెంట్రుకవాసి ఇవతలే ఆపాలి. ముగ్గులో చుక్క దాటకుండా గీత తిప్పడం వచ్చినవాళ్ళకు ఇదేమంత కష్టంకాదు. వెంటనే వేళ్ళ లోపలివైపూ, గోళ్ళూ సబ్బుతో కడుక్కోవాలి. పావుగంట ఏదీ ముట్టుకోకూడదు, ఆరేడు గంటలు నీళ్ళలో పెట్టకూడదు. రెండు మూడు గంటలకు రంగు తలెత్తుతుంది, ఎనిమిది గంటలకు చాలామటుకు తేలుతుంది. చాలకపోతే మరునాడు ఇంకో పూత. కళ్ళదగ్గరా, పెదవులమీదా, పగిలిన చర్మంమీదా రాయకూడదు. చల్లుకునే రకమైతే ఆ తుంపర పీల్చకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, ఇది ఎండను ఆపే రంగు కాదు. పైకి గోధుమరంగున్నా అడుగున మచ్చ మచ్చే. ఎండకు కమిలిపోతుంది. కాబట్టి గొడుగూ, ఎండకు రాసే క్రీమూ మానకూడదు. రాసిన మొదటిరోజు ఎండలోకి బొత్తిగా పోకపోవడమే మంచిదన్నాడు డాక్టరుగారు.

మూడోసారికి కుదిరింది. పొద్దున్న దేవుడిగదిలో దీపం వెలిగించబోతూ చూసుకున్నాను. పన్నెండేళ్ళ కిందటి నా చేతులు! దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుందిగాని, దీపం వెలుతురులో తెలియదు. ఆ రోజు పమిట భుజంమీదికి వదిలేసి కూరగాయల బజారుకు వెళ్ళి, అవసరం లేకపోయినా నలుగురితోనూ బేరమాడి, నలుగురికీ కుడిచేత్తో డబ్బిచ్చి వచ్చాను.

ఇంతవరకూ బాగానే వుంది. ఇకమీదట చెప్పేదే కష్టం.

మేనెలలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఇంజనీరు. పరువైన కుటుంబం. ఆదివారం చూడడానికి వస్తామన్నారు. నేను గురువారంనుంచే పూతలు మొదలుపెట్టాను. శనివారం రాత్రికి చేతులు కుదిరాయి. వాళ్ళు వచ్చారు. నేను లోపల దాక్కోలేదు. నేనే కాఫీలు ఇచ్చాను, నేనే వడ్డించాను. పెళ్ళికొడుకు తల్లి, "మీ చేతివంట బాగుందండీ" అంది. మా అమ్మాయి నావంక అదోలా చూసింది, నేను చూడనట్టు నటించాను. వాళ్ళకు పిల్ల నచ్చింది. మళ్ళీ ఆదివారం పెద్దవాళ్ళను తీసుకొస్తామని చెప్పి వెళ్ళారు.

ఆ వారమంతా ఇల్లు సర్దడం, పిండివంటలు, గిన్నెలు తోమడం. గిన్నెల సబ్బుకూ, పీచుకూ ఈ రంగు ఆగదు. చేతులమీద నాలుగోనాటికే వెలవడం మొదలవుతుంది, అదీ సమానంగా కాదు, పాతగోడకు సున్నం పెచ్చులు లేచినట్టు. శుక్రవారం రాత్రి మళ్ళీ పూత వేసుకుందామనుకున్నాను. ఆ శుక్రవారం ఉదయమే ఫోను మోగింది. "ఊళ్ళో వేరే పెళ్ళికి వచ్చాము. పెద్దవాళ్ళూ వున్నారు. గంటలో మీ ఇంటికి వస్తాము."

గంట! నా రంగుకు ఎనిమిది గంటలు కావాలి. పౌడరు అద్దాను. నిలవలేదు. ఏంచెయ్యను? పమిటకింద పెట్టుకున్నాను. కాని ఆ పెద్దావిడ, పెళ్ళికొడుకు నాయనమ్మ, బొట్టుపెట్టించుకోవడానికి మొహం చాచింది. కుంకుమభరిణె పట్టుకున్న నా చేతిని చూసింది. తరవాత పెళ్ళికొడుకు తల్లి చూసింది. "మొన్న లేదే!" అంది ఆవిడ. ఆ రెండు మాటలే. వాటికి నా దగ్గర జవాబులేదు.

సంబంధం తప్పిపోయింది. మధ్యవర్తిగారిచేత కబురు పంపారు. "జబ్బు వుందని కాదండీ, దాచారని" అన్నారట. అది నిజమో, మర్యాదకు అన్నారో నాకు తెలియదు. కాని ఆ మాట నన్ను పట్టుకుంది.

ఆ రాత్రి మా అమ్మాయి నా పక్కలో వచ్చి పడుకుంది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు.

"అమ్మా, రేపు నాకు కూడా వస్తే?" అంది.

"ఛ, అదేం మాట!"

"వస్తే అంటున్నాను. అప్పుడు నన్నూ దాచుకోమంటావా? అత్తవారింట్లో రోజూ ముందుగా లేచి పూసుకోమంటావా? నువ్వు ట్యూబు రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, నీకు బాగుంటుంది. కాని నీ చేతులు నా పెళ్ళికి అడ్డం అనుకుని రాసుకున్నావు చూడు, అది నాకు అవమానంగా వుంది."

నేను మాట్లాడలేదు. చీకట్లో నా చెయ్యి తీసుకుని తన బుగ్గకింద పెట్టుకుని నిద్రపోయింది, చిన్నప్పటిలాగా. నాకు తెల్లవారేదాకా చెయ్యి తీయబుద్ధి కాలేదు, తిమ్మిరెక్కినా.

మరునాడు మావారిచేత మధ్యవర్తిగారికి ఫోను చేయించాను. "జాతకంతోపాటు ఈ ముక్క కూడా చెప్పండి. పిల్ల తల్లికి బొల్లి వుంది, పిల్లకు లేదు, ఇష్టమైతేనే రమ్మనండి" అన్నాము. ఆయన, "చేజేతులా చెడగొట్టుకుంటున్నారమ్మా" అన్నాడు. ఆయన అన్నట్టే రెండు సంబంధాలు గుమ్మందాకా రాకుండానే వెనక్కి వెళ్ళాయి. బాధపడలేదంటే అబద్ధం. కాని ఆ బాధలో భయం లేదు.

సరిగ్గా ఆ రోజులలోనే అమెరికా ట్యూబు అయిపోయింది. ఇక కొనాలా, మానాలా అని ఆలోచించాను. దాచుకోవడానికి కాకపోతే ఇంకెందుకు? రెండు వారాలు మానేసి చూశాను. చివరికి నాకు తెలిసింది ఏమిటంటే, ఆ చేతులు చూసుకోవడం నాకే ఇష్టం. జుట్టుకు రంగు వేసుకునేవాళ్ళు లేరా, కాలికి పారాణి పెట్టుకునేవాళ్ళు లేరా? అందరికీ తెలిసి పూసుకుంటే అది సింగారం. తెలియకూడదని పూసుకుంటే అది వేషం. ట్యూబు ఒకటే, రంగు ఒకటే. అందుకే ఆ మందుల షాపుకు వెళ్ళి, దగ్గుమందు పెద్దాయన వింటూవుండగా, నల్లబడే క్రీము అడిగాను. బల్లమీద చెయ్యి పెట్టింది కూడా అందుకే.

కార్తికమాసంలో మూడో సంబంధం వచ్చింది. అన్నీ తెలిసే వచ్చారు. ఆ రోజు నేను కావాలనే పూసుకోలేదు. పెళ్ళికొడుకు తల్లి నా చేతిలోంచి కాఫీ తీసుకుని, గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి అంది: "మీరు ముందే చెప్పారు కనుక మేమూ చెప్పాలండీ. మావాడికి ఎడమచెవి కొంచెం మందం. చిన్నప్పుడు చీము పట్టింది. ఇదివరకు చూసినవాళ్ళకు చెప్పలేదు. మీతో చెప్పాలనిపించింది." అబ్బాయి తల వంచుకున్నాడు. మా అమ్మాయి లేచి కుర్చీ లాక్కుని అతని కుడివైపుకు వచ్చి కూర్చుంది. అంతే, ఇక ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేకపోయింది.

2024 మాఘమాసంలో పెళ్ళి చేశాము. పెళ్ళికి ముందు మూడు రాత్రులు తీరిగ్గా కూర్చుని పూతలు వేసుకున్నాను. ఒక రాత్రి దూదిపుల్ల పట్టుకుని రాసింది మా వియ్యపురాలే. "అంచు దాటుతోంది, చెయ్యి కదపకండి వదినగారూ" అంటూ ఆవిడే చివాట్లు పెట్టింది. కన్యాదానంవేళ మావారు అల్లుడి కాళ్ళు కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసింది నేనే. నీళ్ళకు ఈ రంగు కరగదు. ఫొటోలలో నా చేతులు ఎంతో బాగా వచ్చాయి. మూడురోజుల సత్యనారాయణ వ్రతానికి వెలిసిపోయి, ఎప్పటి చేతులు అప్పటికి వచ్చేశాయి. వ్రతం ప్రసాదం ఆ చేతులతోనే పంచాను. కొందరు తీసుకున్నారు. ఒకరిద్దరు, "అక్కడ పెట్టండి" అన్నారు. అక్కడే పెట్టాను.

మొన్న మళ్ళీ ట్యూబు కోసం షాపుకు వెళ్ళాను. కుర్రవాడు నన్ను చూడగానే అడక్కుండానే తీసి ఇచ్చాడు. ఇప్పుడు అతని దగ్గర రెండు మూడు ఎప్పుడూ వుంటాయి. డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చాక కూడా నిలబడే వున్నాడు.

"అమ్మగారూ, ఇది ఎలా రాసుకోవాలో కొంచెం చెబుతారా?" అన్నాడు గొంతు తగ్గించి. "మా చెల్లాయికండీ. మొహం చూపించడంలేదు ఎవరికీ."

"ఇక్కడ చెబితే రాదు నాయనా. దూదిపుల్లలూ, సున్నిపిండీ నా దగ్గరే వున్నాయి. ఆదివారం పొద్దున్న మీ చెల్లెల్ని మా ఇంటికి పంపు. ముందు డాక్టరుకు చూపిద్దాం, మొహంమీదయితే మందులకు తగ్గే అవకాశం వుంది. ఆ తరవాత రాసుకోవడం నేను చూపిస్తాను" అన్నాను.

ఆదివారం రెండు గ్లాసుల కాఫీ కలిపి వుంచాను. ఆ పిల్ల వచ్చింది.